ఎవరికీ చెప్పక్కర్లేని మాట

మూడో మేకు కూడా వంకరపోయింది. వెల్డింగు మేస్త్రి దాన్ని పటకారుతో పీకి నేలమీద విసిరేశాడు. పెదాల మధ్య బిగించుకున్న మేకుల్లోంచి ఇంకోటి తీసి, మూసిన కిటికీ రెక్కమీద ఆనించి, సుత్తితో ఒక్కటిచ్చాడు. గోడ నుంచి సున్నం పెళ్ళ ఊడి అతని భుజం మీద పడింది.

జీవితమంతా ఇనుముతో కాపురం చేసిన మనిషి. చెక్కని మెల్లగా కొట్టాలని అతనికి ఎవరూ చెప్పలేదు. అసలు మెల్లగా కొట్టడమే అతనికి చేతకాదని ఆ ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళూ సాక్ష్యం చెప్పగలరు.

"వాడెవడో చెప్పేదాకా ఈ కిటికీ తెరుచుకోదు," అన్నాడు. "అది మళ్ళీ బడి గడప తొక్కదు. ఇవాళ తేలిపోవాలి."

'అది' అంటే కూతురు. బీరువాకీ గోడకీ మధ్య జానెడు సందులో ఇరుక్కుని కూచుంది. పన్నెండేళ్ళ పిల్ల. వీధి తలుపు గడియ పడిందో లేదో మూడుసార్లు చూసుకుంటేగాని పక్క ఎక్కదని నాయనమ్మ 'గడియ' అని పేరు పెట్టింది. అసలు పేరు బడి రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినపడదు. రెండు అరచేతులూ చెవులకి అదిమిపెట్టుకుని, సుత్తి పడ్డప్పుడల్లా వీపుని గోడకేసి కొట్టుకుంటోంది. ఎడమ చెంప మీద తండ్రి వేళ్ళు నాలుగూ నిన్న పడ్డవి పడ్డట్టే ఉన్నాయి.

"చప్పుడు దానికి పడదని తెలుసు కదండీ," అంది తల్లి, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండా. "కొట్టే నాలుగు మేకులూ దాన్ని బయటికి పంపించి కొట్టండి."

"బయటికి పంపిస్తే వాడితోనే పోతుంది."

"ఎవడితో?"

"అదే కదే అడుగుతున్నాను పొద్దుట్నించీ!"

నాయనమ్మ మంచం మీంచి కయ్యిమంది. "ఒరేయ్, కిటికీ ఏం చేసిందిరా నీకు? నిచ్చెన తన్నింది నీ కాలు. ఆ మేకులేవో నీ కాలికి కొట్టుకో."

నిన్న ఆదివారం పొద్దున జరిగినదాన్ని వీధిలో ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకుంటున్నారు. జరిగింది మాత్రం ఇంతే. మేస్త్రి వాకిట్లో కూచుని గ్రైండరుతో గేటు కమ్మీ కోస్తున్నాడు. గ్రైండరు కూత గడియ భరించలేదు. ఆపమని మూడుసార్లు వచ్చి అడిగింది. నాలుగోసారి అడగలేదు, లోపలికెళ్ళి ప్లగ్గు పీకేసింది. తిరిగే చక్రం కమ్మీలో ఇరుక్కుని పగిలి, ఓ ముక్క మేస్త్రి చెవి పక్కనుంచి దూసుకుపోయింది. ప్రాణం జల్లుమన్న మనిషి గదిలోకి వచ్చి పిల్లని చెంపమీద కొట్టాడు. రెండోసారి చెయ్యి ఎత్తాడు.

గడియ ఏడవలేదు. వద్దు నాన్నా అని బతిమాలుకోలేదు. "కిటికీ!" అని గట్టిగా అరిచింది.

మేస్త్రి అటు తిరిగాడు. కిటికీ అవతల నిజంగానే ఒక మొగాడి మొహం ఉంది. గోడకి నిచ్చెన వేసుకుని పైన కేబుల్ తీగ బిగిస్తున్నవాడు, లోపల గొడవ విని వంగి తొంగిచూశాడు పాపం. ఇద్దరు పిల్లల తండ్రి. మేస్త్రి అతని వయసూ అడగలేదు, పనీ అడగలేదు. బయటికి ఉరికి నిచ్చెనని ఒక్క తన్ను తన్నాడు. తొడ ఎముక రెండు ముక్కలై ఆ కేబుల్ అతను ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు.

కూతురు ఎవడికో సైగ చేసిందని, ఆ ఎవడో రోజూ కిటికీ దగ్గరికి వస్తున్నాడని మేస్త్రి మనసులో పడిపోయింది. నిన్నటినుంచీ అడుగుతున్నాడు. 'కిటికీ' అంటే ఏమిటి, ఎవర్ని పిలిచావు, ఎందుకు పిలిచావు? గడియ నోరు విప్పలేదు. బుజ్జగించినా విప్పలేదు, అన్నం పెట్టనన్నా విప్పలేదు.

"ఆ కేబుల్ అతని అన్న వీధి చివర మనుషుల్ని పోగేస్తున్నాడట," అంది తల్లి. "కొట్టు దగ్గర అనుకుంటున్నారు. పోలీసుల దాకా పోము, మేమే చూసుకుంటామంటున్నాడట. దాన్ని తీసుకుని ఓ రెండ్రోజులు మా అక్క దగ్గరికి..."

"ఎక్కడికీ పోదు."

"ఆ మనిషిని అది జన్మలో చూడలేదు. నేను ఒట్టేసి చెప్తాను."

"నువ్వు ఒట్టేస్తావు! రోజంతా మిషను మీద వంగి కూచుంటావు, నీకేం తెలుసు దాని సంగతి?"

"మీరు రోజంతా వెల్డింగు నల్లద్దంలోంచి చూస్తారు, మీకేం తెలుసు?"

ఆ మాట ఆవిడ నోట్లోంచి ఎలా వచ్చిందో ఆవిడకే తెలీదు. పదిహేనేళ్ళ కాపురంలో ఒక్కోసారి అలా వచ్చేస్తుంది. మేస్త్రి రెండు అంగల్లో వచ్చి మిషనుని కాలితో తన్నాడు. చక్రం గిర్రున తిరిగింది. గుడ్డ కింద ఉన్న ఆవిడ బొటనవేలి గోరులోంచి సూది దిగి, లోపలే విరిగిపోయింది.

ఆవిడ అరవలేదు. అరిస్తే పిల్ల వింటుందని జాకెట్టు గుడ్డ నోట్లో కుక్కుకుంది. కుడుతున్న తెల్లగుడ్డ మీద ఎరుపు పాకుతుంటే నాయనమ్మ మంచం దిగి, కొడుకుని నోటికొచ్చినట్టు తిడుతూ, కోడలి చెయ్యి పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో చెప్పులు విడుస్తూ టీచరమ్మ కనపడింది.

బడి వదిలిపెట్టి నేరుగా వచ్చినట్టుంది, వేళ్ళకి సుద్దముక్క పొడి ఇంకా అంటుకునే ఉంది. మొత్తం ఏడాదిలో గడియ ఒక్కరోజు కూడా బడి మానలేదు. గంట కొట్టడానికి నాలుగు నిమిషాల ముందు వచ్చి, రెండో వరసలో, గోడవైపు కూచునే పిల్ల. ఇవాళ ఆ చోటు ఖాళీగా ఉంటే టీచరమ్మకి పాఠం మీద మనసు నిలవలేదు.

"అమ్మాయి రాలేదేమా అని..." అని మొదలుపెట్టి, తెల్లగుడ్డ మీది రక్తం చూసి ఆగిపోయింది.

"రాదు," అన్నాడు మేస్త్రి. "ఇంక రాదు. మీ రిజిస్టరులో కొట్టేసుకోండి."

"ఏం జరిగిందండీ?"

"మీరు చెప్పండి ఏం జరిగిందో. బడికి పంపిస్తే సైగలు నేర్చుకొచ్చింది. మీ దగ్గర ఏం నేర్పుతున్నారు, చదువా, ఇదా?"

"ఏం సైగలు?"

నాయనమ్మ కోడలి వేలికి గుడ్డ చుడుతూనే జవాబిచ్చింది. "ఏం లేదమ్మా, నిన్న వీడు కొడుతుంటే 'కిటికీ' అందట, ఎవడినో పిలిచిందట, అన్నం పెట్టనన్నా అర్థం చెప్పదట. అదీ నేరం. 'తలుపు' అంటే ఉరి తీసేవాడేమో."

టీచరమ్మ గోడకి చెయ్యి ఆనించి నిలబడింది. గదిలో ఎవరూ ఆవిడ మొహం చూడలేదు. చూస్తే అప్పుడే తెలిసిపోయేది.

ఎందుకంటే ఆ మాట ఆవిడది.

నలభై రెండు మంది ఉన్న తరగతి అది. అక్షరాలు తిరగేసి రాసేవాడు ఒకడు, ఐదు నిమిషాలు కుదురుగా కూచోలేనిది ఇంకొకత్తె, ఇంట్లో వేరే భాష మాట్లాడే అన్నాచెల్లెళ్ళు ఇద్దరు. తిరగేసి రాసేవాడికి గళ్ళ కాగితం ఇచ్చింది, కుదురులేని పిల్లకి నల్లబల్ల తుడిచే ఉద్యోగం ఇచ్చింది. ఒక్కొక్కరికీ ఒక్కో తాళంచెవి చేయించుకుంటూ పోతే పాఠం ఎప్పుడు చెబుతావమ్మా అని హెడ్మాస్టరు ఎకసెక్కమాడినా చెవిన పెట్టలేదు. గడియ సంగతి మాత్రం ఆరువారాలు ఆవిడకి అంతుపట్టలేదు. తరగతిలో అల్లరి పెరిగితే ఆ పిల్ల తలని బల్లకేసి కొట్టుకునేది.

ఆఖరికి ఇద్దరూ కలిసి ఒక ఒప్పందం చేసుకున్నారు. భరించలేనప్పుడు గడియ 'కిటికీ' అనాలి. అంతే, టీచరమ్మ చెప్పేది ఆపేస్తుంది, పిల్లలు మాటలు ఆపేస్తారు, గడియ లేచి వెనక కిటికీ దగ్గర కాసేపు నిలబడి తిరిగి వస్తుంది. మొదటివారం పదకొండుసార్లు అంది. ఇప్పుడు వారానికి ఒక్కసారి కూడా అనడం లేదు. తల మీది బొప్పి తగ్గింది, భిన్నాల లెక్కల్లో తరగతిలో అందరికంటే ముందుంది.

ఆ ఒప్పందం నాడు టీచరమ్మ పిల్లకి ధైర్యంగా ఉంటుందని మూడు మాటలు చెప్పింది. 'నువ్వు ఈ మాట అంటే ఎవరైనా సరే ఆగుతారు. ఎందుకని అడగరు. దీని అర్థం నువ్వు ఎవరికీ చెప్పక్కర్లేదు.'

ఇంకో పిల్లకైతే అవి ఓదార్పు మాటలు. గడియకి ఏ మాట ఎలా అంటే అలాగే. బడిలోనే ఆగుతారని టీచరమ్మ చెప్పలేదు, ఎవరైనా ఆగుతారంది. కాబట్టి నాన్న కూడా ఆగాలి. ఎవరికీ చెప్పక్కర్లేదంది. కాబట్టి నాన్నకి కూడా చెప్పక్కర్లేదు. అన్నం పెట్టకపోయినా చెప్పక్కర్లేదు.

ఇదంతా ఆవిడకి ఒక్క నిమిషంలో అర్థమైంది. అర్థమైన మనిషి వెంటనే నోరు తెరవాలా వద్దా? తెరవలేదు. సుత్తి పట్టుకున్న చేతిని చూసింది. రేపు ఈ మనిషి బడికొచ్చి హెడ్మాస్టరు ముందు వేసే కేకలు ఊహించుకుంది. ఆవిడ పిరికిది కాదు, కానీ ఆ క్షణాన నీళ్ళు నమిలింది. ఆ నమలడానికి ఖరీదు పిల్ల కట్టింది.

"అడగండి మీరే. మీ మాటంటే దానికి వేదం కదా!" అంటూ మేస్త్రి బీరువా సందులోకి వంగి, గడియ జబ్బ పట్టుకుని బయటికి ఈడ్చాడు. మోచెయ్యి బీరువా అంచుకి గీసుకుని చర్మం లేచింది. "చెప్పవే! మీ టీచరు ముందే చెప్పు. ఎవడు వాడు?"

గడియ టీచరమ్మని చూసింది. ఆ చూపులో ఏడుపు లేదు. తరగతిలో లెక్క చేసి సరైందో కాదో అని ఆవిడ వైపు చూస్తుందే, ఆ చూపు అది.

"కిటికీ," అంది.

"మళ్ళీ!" మేస్త్రి చెయ్యి లేచింది.

"కిటికీ. కిటికీ. కిటికీ."

టీచరమ్మ అతని చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాడు. ఆ విదిలింపుకి ఆవిడ వెళ్ళి తలుపు మీద పడింది. ఇనప గడియ కొస కనుబొమ మీద దిగి, రక్తం కంట్లోకి కారింది.

"అయ్యో, టీచరమ్మ మీద చెయ్యి చేసుకున్నావురా!" అని నాయనమ్మ నోరు బాదుకుంది.

"ఆ మాట నాది!" అని టీచరమ్మ అరిచింది. నలభై రెండు మందిని ఏ రోజూ గొంతెత్తి పిలవని మనిషి. "నేను నేర్పాను. నిన్న ఆ పిల్ల ఎవర్నీ పిలవలేదు మేస్త్రి గారూ. మిమ్మల్ని ఆగమంది."

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. తల్లి వేలికి చుట్టుకున్న గుడ్డని అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"ఏమన్నారు?" అన్నాడు మేస్త్రి.

"'కిటికీ' అంటే ఆగమని. తరగతిలో మా ఇద్దరికీ అదే గుర్తు. అది అంటే అందరం ఆగిపోతాం. అర్థం ఎవరికీ చెప్పక్కర్లేదని నేనే అన్నాను. అందుకే మీకు చెప్పలేదు. తప్పు నాది. కొట్టేదేదో నన్ను కొట్టండి."

"కథలు చెప్పకండి. పిల్ల మాట అంటే తరగతి అంతా ఆగిపోతుందా? ఎక్కడైనా ఉందా?"

"ఉంది. మీ ఇంట్లోనే ఉంది." టీచరమ్మ కంట్లో రక్తం కొంగుతో తుడుచుకుంది. "వెల్డింగు రాడ్డు అంటించే ముందు మీరు ఏమంటారు?"

మేస్త్రి కన్నా ముందు నాయనమ్మ చెప్పింది. "'కళ్ళు' అంటాడు. వాడు 'కళ్ళు' అంటే చాలు, ఇంట్లో అందరం మొహం తిప్పుకోవాల్సిందే. ముద్ద నోటి దాకా వచ్చినా సరే, ముందు మొహం తిప్పి తరవాత తింటాను."

"ఎందుకని అడుగుతారా?"

"అడిగేలోపు కళ్ళు పోతాయి కదమ్మా."

"ఆ ఆలోచన నాది కాదు మేస్త్రి గారూ. ఆరువారాలు తలకిందులయ్యాను, నాకు తట్టలేదు. 'నీకేం కావాలమ్మా' అని అడిగితే మీ అమ్మాయే చెప్పింది. 'మా నాన్న కళ్ళు అంటే అందరూ ఆగి మొహం తిప్పుకుంటారు టీచర్, ఎవరికీ దెబ్బ తగలదు, నాకూ అలాంటి మాట ఒకటి కావాలి' అంది. మిమ్మల్ని చూసి నేర్చుకున్నదే అది."

మేస్త్రి చెయ్యి దిగింది. దించినట్టు కాదు, దానంతట అదే బరువై పడిపోయినట్టు దిగింది. వంకరపోయిన మేకుల మధ్య నేలమీద కూలబడ్డాడు. ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు. వాటినే చూసుకుంటున్నాడు.

"నిన్న నువ్వు..." వంకర మేకు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "నిన్న నువ్వు అన్నది, నన్ను ఆగమనా?"

"అవును," అంది గడియ. "నువ్వు ఆగలేదు. ఎవరైనా ఆగుతారని టీచర్ చెప్పారు. టీచర్ చెప్పింది తప్పు."

టీచరమ్మకి కనుబొమ మీద తగిలిన దెబ్బ నొప్పి అనిపించలేదు. ఇది అనిపించింది.

"నాకు తెలీదే తల్లీ," అన్నాడు మేస్త్రి.

"ఇప్పుడు తెలిసింది."

"ఆ. ఇప్పుడు తెలిసింది."

"ఇంక ఆగుతావా?"

అతను తల ఊపాడు. గడియకి తల ఊపడం చాలదు. "ఆగుతానని చెప్పు," అంది.

"ఆగుతాను."

లేచి, భార్య వేపు చూసే మొహం లేక, పటకారు అందుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. గడియ మళ్ళీ రెండు చెవులూ మూసుకుంది. మొదటి మేకుని చప్పుడు కాకుండా, అటూ ఇటూ మెల్లగా కదుపుతూ లాగాడు. గడియ చెవుల మీంచి ఒక చెయ్యి తీసింది. తల్లి గోడకి ఆనుకుని, గుడ్డ నోట్లోంచి తీసేసి, అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే టీచరమ్మ నుదుటికి తడిగుడ్డ తెచ్చింది.

"మళ్ళీ బడికి పంపుతారా?" అని టీచరమ్మ అడిగింది.

మేస్త్రి రెండో మేకు లాగుతూ ఏదో అనబోయాడు. బయట గేటు ధడేలుమంది.

ముగ్గురొచ్చారు. ముందున్నవాడు కేబుల్ అతని అన్న. చేతిలో రెండు మూరల ఇనప పైపు ఉంది. వెనక ఇద్దరూ విరిగిన నిచ్చెన కర్రలు చెరొకటి పట్టుకున్నారు. వస్తూనే వాకిట్లో ఉన్న వెల్డింగు మిషను మీద పడ్డారు. మొదటి దెబ్బకి పైరేకు సొట్టపోయింది, రెండోదానికి లోపలి రాగి తీగలు బయటికొచ్చాయి. గ్రైండరుని గోడకేసి విసిరికొట్టారు.

"రారా మేస్త్రీ!" అన్నాడు అన్న. "మా తమ్ముడు ఇంక జన్మలో నిచ్చెన ఎక్కలేడట. డాక్టరు చెప్పాడు. వచ్చి నీ కాలు చూపించు, అది కూడా అలాగే చేసి పోతాం!"

"మీరు బయటికి వెళ్ళకండి," అంది తల్లి.

"తలుపు వెయ్యండి. నేను మాట్లాడతాను వాళ్ళతో," అంది టీచరమ్మ.

కానీ పగులుతున్నది అతని మిషను. ఆ మనిషి ఆ చప్పుడు వింటూ గదిలో కూచోగలడా? పటకారు పారేసి, గుమ్మం పక్కన నిలబెట్టిన గేటు కమ్మీ అందుకుని ఒక్క ఉదుటున బయటపడ్డాడు.

కర్ర పట్టుకున్నవాడు ఒకడు ఎదురొచ్చాడు. మేస్త్రి కమ్మీతో అతని మోచెయ్యి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు గుమ్మంలో ఉన్న ఆడవాళ్ళకి వినిపించింది. రెండోవాడి కర్ర మేస్త్రి వీపు మీద పడి విరిగింది, మేస్త్రి వెనక్కి తిరక్కుండానే మోచేత్తో వాడి ముక్కు పగలగొట్టాడు. అన్న పైపు ఊపాడు గాని తగల్లేదు. మేస్త్రి అతన్ని గుండెమీద తన్ని పడేసి, ఛాతీమీద మోకాలు వేసి కూచుని, రెండు చేతులతో కమ్మీ పైకెత్తాడు.

ఆ కమ్మీ దిగితే కింద ఉన్నది తలకాయ. వీధిలో చేరిన జనం ఒక్కరూ అడ్డం రాలేదు.

"కిటికీ!"

గుమ్మంలో గడియ. రెండు చేతులూ పక్కలకి వేలాడేసి నిలబడింది. చెవులు మూసుకోలేదు.

కమ్మీ గాలిలో ఆగింది.

కింద ఉన్నవాడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మేస్త్రి కూతురి వైపు తిరిగి చూశాడు. చూస్తూనే వేళ్ళు వదులు చేశాడు. కమ్మీ జారి రాళ్ళ మీద ఖంగున పడింది. మోకాలు తీసి, చేతులు ఖాళీగా ఉన్నాయని చూపిస్తున్నట్టు రెండూ పైకెత్తి లేచి నిలబడ్డాడు.

కిందపడ్డవాడు కూడా లేచాడు. లేస్తూనే పైపు అందుకున్నాడు.

టీచరమ్మ "వద్దు!" అని కేక పెట్టింది. తల్లి "ఏమండీ!" అంది. మేస్త్రి ఇంకా కూతురి వైపే చూస్తున్నాడు. పైపు వచ్చి అతని చెవి వెనక తగిలింది. ఏ మాటా అనకుండా మోకాళ్ళ మీదికి కూలి, అలాగే పక్కకి ఒరిగిపోయాడు.

తల్లి వెళ్ళి అతని మీద పడింది. గుడ్డ చుట్టిన వేలితోనే తల కింద చెయ్యి పెట్టి ఎత్తింది. ఆవిడ రక్తం ఏదో అతని రక్తం ఏదో తెలీకుండా ఉంది. నాయనమ్మ గుమ్మంలోనే చతికిలబడి, ఇన్నాళ్ళూ తిట్టిన కొడుకుని పేరుపెట్టి పిలుస్తోంది.

అన్న పైపు మళ్ళీ ఎత్తాడు.

గడియ టీచరమ్మ కొంగు పట్టుకుని లాగింది. "నాన్న ఆగాడు," అంది.

"ఆగాడమ్మా. చూశాను."

"వాళ్ళు ఆగలేదు."

"వాళ్ళకి తెలీదు తల్లీ."

"మీరు చెప్పలేదా?"

టీచరమ్మ ఎత్తి ఉన్న పైపు వైపు చూసింది.

"ఎవరికీ చెప్పక్కర్లేదన్నారు," అంది గడియ. "అది కూడా తప్పేనా?"

"తప్పే," అంది టీచరమ్మ.

గడియ తల ఊపింది. లెక్కలో తప్పు ఎక్కడుందో చూపిస్తే అలాగే ఊపుతుంది. కొంగు వదిలేసి మెట్లు దిగింది. టీచరమ్మ చెయ్యి చాచింది గాని, అప్పటికే పిల్ల వాకిలి సగం దాటిపోయింది. పగిలిన మిషనుని చుట్టి, కమ్మీని దాటి, తండ్రినీ తల్లినీ దాటి, పైపు ఎత్తి నిలబడ్డ మనిషి ముందుకెళ్ళి ఆగింది. తల అతని భుజం దాకా కూడా రాదు.

"మీకు ఒక మాట చెప్పాలి," అంది. "విన్నాక ఆగాలి. ఎందుకని అడక్కూడదు."

పైపు ఇంకా దిగలేదు.